ఏడ్చేదాకా ఆగొద్దు



మట్టెవాడలో ఒక ఇల్లు అనుకోండి. ఆ ఇంట్లో ఒక బాలింత బీడీలు చుడుతున్నది. తొట్టెలలో నెల బిడ్డ ఉంది. బిడ్డ కదిలింది. నోరు తెరిచింది. తల అటూ ఇటూ తిప్పింది. పిడికిలి నోట్లో పెట్టుకుని చీకింది.

"ఈ కట్ట అయినంక ఇస్తా" అనుకున్నది తల్లి. ఆమెను తప్పు పట్టేది లేదు. కట్టల లెక్క మీదనే కూలి.

ఇంతలో బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. తల్లి రొమ్ము ఇచ్చింది. బిడ్డ పట్టలేదు. వెనక్కి విరుచుకుని ఇంకా ఏడ్చింది.

"నీకు పాలు చాలుతలేవు. డబ్బా పాలు పట్టు" అన్నది అత్త.

పాలు చాలక కాదు. బిడ్డ ఆకలి చెప్పి చెప్పి అలసిపోయింది. నోరు తెరవడం, తల తిప్పి వెతకడం, చేయి చీకడం, ఇవే బిడ్డ ఆకలి మాటలు. ఏడుపు చివరి మాట. గుక్కపట్టి ఏడ్చే బిడ్డ రొమ్ము సరిగా పట్టలేదు. ముందు ఎత్తుకుని, గుండెకు హత్తుకుని ఊరుకోబెట్టాలి. ఆ తర్వాత పాలివ్వాలి.

డబ్బా పాలు పడితే ఏమవుతుంది? బిడ్డ రొమ్ము చీకడం తగ్గుతుంది. బిడ్డ చీకితేనే పాలు ఊరుతాయి. చీకకుంటే పాలు తగ్గుతాయి. అప్పుడు అత్త మాటే నిజమైనట్టు కనబడుతుంది! పైగా డబ్బాకు ఖర్చు. సీసా శుభ్రంగా లేకుంటే విరేచనాలు. డబ్బా పాలకు, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992లో చట్టమే చేశారు.

చిన్నబిడ్డ కడుపు చిన్నది. పగలూ రాత్రీ కలిపి 8 నుంచి 12 సార్లు తాగుతుంది. గడియారం చూడొద్దు, బిడ్డను చూడాలి. కడుపు నిండితే తానే రొమ్ము వదులుతుంది. పిడికిలి విప్పుతుంది. ఇంకా తాగమని బలవంతం చేయొద్దు. వారం దాటిన బిడ్డ రోజుకు 6 సార్లు, ఆపైన ఉచ్చ పోస్తూ బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. 6 నెలలు నిండేదాకా నీళ్లు కూడా అక్కరలేదు.

తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ సంగతి వేరు. దానికి ఆకలి చెప్పే ఓపిక ఉండదు. నిద్రపోతూనే ఉంటుంది. 2, 3 గంటలకు ఒకసారి లేపి పాలివ్వాలి. లేపినా తాగకుంటే ఆలస్యం చేయొద్దు. వెంటనే ఎం.జి.ఎం. దవాఖానకు తీసుకుపోవాలి.

మరి ఆ బాలింత ఏం చేసింది? తంబాకు దుమ్ము తగలకుండా తొట్టెలను దూరం జరిపింది. అయినా కంటికి ఎదురుగానే పెట్టుకున్నది. మరునాడు బిడ్డ నోరు తెరవగానే చేతిలోని కట్ట పక్కన పెట్టింది. సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చింది. బిడ్డ ఇంకా ఏడవలేదు. పిడికిలి చీకుతున్నది.