పిల్లవాడు దేనికి బదులు పలుకుచున్నాడు?



ప్రత్యేక విద్యయందును అనువర్తిత ప్రవర్తనా విశ్లేషణమందును శిక్షణ ముగించుకొని నేడు పట్టములు పుచ్చుకొనుచున్న మీరు రేపు అడుగిడబోవు గదులు దూరమున లేవు. ఈ మణికొండలోను, పక్కనున్న పుప్పాలగూడలోను, నార్సింగిలోను, గచ్చిబౌలి వీథులలోను ఉన్నవి. చిన్న బల్ల, రెండు కుర్చీలు, గోడకంటించిన బొమ్మల పట్టికలు గల ఆ గదులకు, సాఫ్ట్‌వేరు కొలువులలోనున్న తల్లిదండ్రులు ఆటిజము గల తమ బిడ్డలను చేయిపట్టుకొని తీసికొని వచ్చుచుందురు. ఆ బల్ల యెదుట బిడ్డ నేర్చినది నిజముగా బిడ్డ సొత్తయినదా, లేక ఆ బల్లకును ఆ గదికిని మీ కంఠస్వరమునకును మాత్రమే కట్టుబడి యున్నదా యను ప్రశ్నను గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచినాను. ఏలయన, మీ శాస్త్రములో 'ఉద్దీపన నియంత్రణము' అను ప్రకరణము పరీక్షకు చదివి మరచుటకు మిక్కిలి సులభమైనది. వృత్తిలో మరచినచో మిక్కిలి హాని చేయునది.

ఈ భావము తెలియుటకు ప్రయోగశాల అక్కరలేదు. ఈ వీథిలోని యే కిరాణా దుకాణము నొద్దనైన ఒక్క నిమిషము నిలిచి చూడుడు. కొనువాడు ఫోను తెర చూపినంతమాత్రమున దుకాణదారు సరుకుల సంచి చేతికీయడు; బల్లమీది సౌండుబాక్సు సొమ్ము ముట్టినదని పలికిన పిమ్మటనే ఇచ్చును. ఆ పలుకు అతని చేతిని బలవంతముగ కదల్చుట లేదు. అది వినబడినపుడు సరుకిచ్చుట లాభించినది, వినబడనపుడిచ్చుట నష్టము తెచ్చినది. ఈ భేదము పలుమారు అనుభవమునకు వచ్చుటచేత ఆ పలుకునకు అతని క్రియపై అధికారమేర్పడినది. అట్టి పలుకునే మీరు విచక్షణ ఉద్దీపన మందురు; ఆ అధికారమే ఉద్దీపన నియంత్రణము. పావ్‌లోవ్ కుక్కకు ఆహారసూచనచే లాలాజలమూరుట వేరు. సందర్భమును గుర్తించి జీవి తానుగా చేయు పని వేరు. 1938లో 'ది బిహేవియర్ ఆఫ్ ఆర్గానిజమ్స్' అను గ్రంథమున బి. ఎఫ్. స్కిన్నర్ ఈ రెంటిని విడదీసి, క్రియకు ముందున్న సందర్భము, క్రియ, దాని ఫలితము అను మూటిని ఒక్క సూత్రమున కూర్చి చూపెను.

ఇచ్చట మరియొక సూక్ష్మము కలదు. దాహము వేయుట వేరు, నీరు దొరకునని తెలియుట వేరు. మొదటిది నీటి విలువను పెంచును. రెండవది నీరు లభించునను సూచననిచ్చును. ఈ భేదమును జాక్ మైకేల్ 1982లో స్పష్టపరచెను. గ్లాసు ఎదుట నున్నపుడు మాత్రమే 'నీళ్ళు' అను బిడ్డ, మండుటెండలో గొంతెండి గ్లాసు కనబడనపుడు మౌనముగ నుండినచో, ఆ బిడ్డకు అడుగుట యింకను రాలేదని గ్రహింపవలయును. తల్లికి ఈ భేదము శాస్త్రనామము లేకయే తెలియును. బిడ్డ అడుగడను ఆమె ఫిర్యాదును శ్రద్ధగా వినుడు.

ఇక నా మనస్సున మిక్కిలిగా నాటుకొనియున్న ప్రయోగమును గూర్చి చెప్పెదను. 1961లో జి. ఎస్. రేనాల్డ్స్ రెండు పావురములకు, ఎఱ్ఱని నేలపై తెల్లని త్రిభుజమున్న మీటను పొడిచిన గింజలు దొరకునట్లును, ఆకుపచ్చని నేలపై తెల్లని వృత్తమున్న మీటను పొడిచిన ఏమియు దొరకనట్లును నేర్పెను. రెండును తప్పులేక నేర్చినవి. చూచువారి కవి ఒక్క పాఠమునే నేర్చినట్లు తోచెను. పిదప రంగును ఆకారమును విడదీసి చూపగా, ఒక పావురము ఎఱుపును మాత్రమే, రెండవది త్రిభుజమును మాత్రమే పొడిచెను. పాఠము చెప్పినవాడు ఒక్కడే, పాఠమొక్కటే, మార్కులు సమానమే. నేర్చినది మాత్రము వేరువేరు! గురువు దేనిని చూపెనో అదియే శిష్యుని కంటబడెనని యెంచుట ఎంత సాహసమో ఈ రెండు పక్షులు చూపినవి.

పది సంవత్సరములకు, 1971లో, లోవాస్ మొదలగువారు వెలుగు, ధ్వని, స్పర్శ మూటిని కలిపి సూచనగా నిచ్చి బిడ్డలకు నేర్పి, తరువాత ఒక్కొక్కదానిని విడిగా పరీక్షించిరి. ఆటిజము గల బిడ్డలు ప్రధానముగ ఏదో యొక దానికే స్పందించిరి. వైకల్యము లేని బిడ్డలు మూటికిని స్పందించిరి. 1975లో రింకోవర్, కోగెల్ అనువారు ఆటిజము గల పదిమంది బిడ్డలకు గదిలో ఒక పని నేర్పి, వెలుపల క్రొత్త మనిషిచేత అడిగించిరి. నలుగురు బొత్తిగ స్పందింపరైరి. కారణము వెదుకగా, ఆ నలుగురును ఆజ్ఞకుగాక, నేర్పువారు ఉద్దేశింపని యేదో యొక గుర్తునకు, ఒక బిడ్డ విషయమున నేర్పువారి చేతి కదలికకే, స్పందించుచుండిరని తేలెను. ఆ గుర్తును వెలుపల కల్పింపగా స్పందనయు వచ్చెను. ఆ బిడ్డలు మరచిపోలేదు, మొండికేయలేదు. వారు నేర్చినది నేర్చినట్లే చేయుచుండిరి.

బల్ల యెదుట మూడు ఫ్లాష్ కార్డులు పరచి 'టచ్ యాపిల్' అనునపుడు మీ కన్నులెటు పోవుచున్నవో ఎవరినైన పరిశీలింపుమనుడు. పలుమారు మాట ముగియకమునుపే చూపు సరియైన కార్డుమీద వాలును. ఆ కార్డే వ్రేలెడు ముందునకు జరిగియుండును. అదే నిత్యము వాడుటచే దాని మూల నలిగియుండును. బిడ్డ నలిగిన మూలను తాకును, మీరు 'కరెక్ట్' అని డేటా షీటులో గుర్తు వేయుదురు. ఇట్టి సాయపు సూచన, అనగా ప్రాంప్టు, నిచ్చుట తప్పుగాదు; దానిని క్రమక్రమముగ సన్నగింపకుండుటయే తప్పు. 1963లో హెర్బర్ట్ టెరేస్ పావురములకు ఎఱుపు ఆకుపచ్చల భేదమును నేర్పునపుడు, రెండవ రంగును మొదట మసకగ, కొలదికాలము మాత్రమే చూపి, మెల్లగా పెంచుచు దాదాపు తప్పులు లేకయే నేర్పగలిగెను. అంత ఓర్పు పక్షికి చూపినవారున్నపుడు బిడ్డకు చూపకుండుట న్యాయమా?

ఈ ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు భాషాసంబంధి. కేంద్రములో 'సిట్ డౌన్', 'కమ్ హియర్', 'గివ్ మీ' అని నేర్పుదురు. ఇంటివద్ద పగలెల్ల బిడ్డతో నుండునది గుంటూరునుండియో వరంగల్లునుండియో వచ్చిన నాయనమ్మ. ఆమె వంటింటి గడపనుండి "ఇటు రారా బుజ్జీ, పాలు తాగుదువు గాని" అని మూడు మారులు పిలిచినను బిడ్డ కదలడు. అప్పుడు తండ్రి లాప్‌టాప్ నుండి తల యెత్తి 'కమ్ హియర్' అనగానే లేచి వచ్చును. ఆ ముసలమ్మ, నా మాట వీనికి పట్టదు గాబోలునని చిన్నబుచ్చుకొనును. మనుమనికి ఆమెపై ప్రేమ లేకగాదు. ఆమె పలుకు ఏ ఫలితముతోను జోడింపబడలేదు, అంతియే. ఈ దుఃఖము నివారింపదగినది. మీ మొదటి వారపు ప్రణాళికలోనే ఇంటి భాషకు, ఇంటి గొంతునకు, ఇంటి పిలుపునకు చోటిండు. నేర్పి, ఇక అన్నిచోట్ల వచ్చునని ఆశించి ఊరకుండు పద్ధతి చాలదని స్టోక్స్, బేర్ అనువారు 1977లోనే విశదముగ వ్రాసిరి.

ఇది పరదేశపు విద్య యని యెవరైన అన్నచో మన నగర చరిత్రను చూపుడు. 1984లో సికిందరాబాదు మనోవికాస్ నగరమున నెలకొని, ఇపుడు మేధోవైకల్యము గలవారి సాధికారత సంస్థగా నామాంతరము పొందిన జాతీయ సంస్థనుండియే 1992లో రీతా పెషావరియా, ఎస్. వెంకటేశన్ గార్లు ఉపాధ్యాయుల కొఱకు ప్రవర్తనా పద్ధతుల కరదీపికను ప్రకటించిరి. వారు కూర్చిన కొలమానమున భారతీయ బిడ్డల నైపుణ్యములకు 280 అంశములును, సమస్యాప్రవర్తనలకు 75 అంశములును గలవు. మీరు క్రొత్త దారి త్రొక్కుట లేదు.

చివరకొక హెచ్చరిక చేయక తప్పదు. నియంత్రణ మను పదము వినగానే బిడ్డను లోబరచుకొనుట యని తలపవలదు. 1960లలో ఇదే శాస్త్రము పేర బిడ్డలకు విద్యుదాఘాతములు సైతము ఇచ్చిరి. ఈ శాస్త్రము పేర తాము పడిన బాధను ఆటిజము గల పెద్దలు నేడు తామే చెప్పుచున్నారు, వారి మాట వినవలయును. పెద్దవా రెవ్వరేమన్నను తలయొగ్గు బిడ్డను తయారు చేసినచో, దురుద్దేశము గలవానికిని ఆ బిడ్డ తలయొగ్గును. కావున 'వద్దు' అనుటను, ఎవరితో ఎప్పుడనవలయునను విచక్షణమును గూడ పాఠములో చేర్చుడు. బిడ్డ 'వద్దు' అన్నపుడు మీ చేయి ఆగవలయును. ఆగనిచో ఆ మాటకు ఫలము లేదని నేర్పినవారగుదురు.

మీ డేటా షీటులో ఒప్పు తప్పుల గళ్ళ పక్కన మరి మూడు గళ్ళు గీయుడు: అడిగినవారెవరు, ఎక్కడ, ఏ భాషలో. నాయనమ్మ తన మాటలో, తన వంటింటిలో, మీరు ఆ యింటనే లేని పూట అడిగినపుడు బిడ్డ పలికెనని ఆమె నోటనే వినిన నాడు, ఆ లక్ష్యమునెదుట 'సాధించెను' అని వ్రాయుడు. అంతకుముందు వ్రాయవలదు.