మూగవోయిన మీటలు



నేను యంత్రవిద్య నభ్యసించినవాడను గాను. ముప్పది యేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న యుపాధ్యాయుడను. అట్టివాడు ల్యాప్‌టాపు కీబోర్డునుగూర్చి ప్రసంగించుట మీకు వింతగా దోపవచ్చును. కాని రోగమునుగూర్చి వైద్యుడు చెప్పు మాట యొకటి, రోగపడి లేచినవాడు చెప్పు మాట మఱియొకటి. నేను రెండవ కోవకు జెందినవాడను.

మా పొరుగింట నొక బాలిక కలదు. తండ్రి లేడు, తల్లి కుట్టుపని చేసి చదివించుచున్నది. ఆ పిల్ల పైచదువునకై విద్యార్థి వేతనమును గోరుచు దరఖాస్తు పంపవలసి యుండెను. గడువు ఆ రాత్రి పండ్రెండు గంటలవఱకే. తొమ్మిది గంటలకు వచ్చి, "తాతగారూ, మీ ల్యాప్‌టాపులో కాస్త వ్రాసిపెడతారా?" అని యడిగినది. సగము వ్రాసితిని. తరువాతి వాక్యము నాలోచించుచు కుడిచేతి చిటికెనవ్రేలిని షిఫ్టు మీటపై నానించి యుంచితిని. ఇంతలో నేదో చప్పుడైనది. తెరపై నొక ప్రకటన కనబడినది. తొందరలో దానిని చదువకయే 'అవును' అనుచోట నొక్కితిని. అంతే! ఆ పిమ్మట ఏ మీటను తట్టినను తెరపై నక్షరము పడలేదు.

ఒక మరమ్మతు దుకాణమువారికి ఫోను చేసితిని. "కీబోర్డు పోయిందండీ, కొత్తది వెయ్యాలి. రేపు తీసుకురండి" అనిరి. రేపటికి గడువెక్కడిది? ఆ పిల్ల మాటాడలేదు. గోడ గడియారమువంక జూచినది. ఆ చూపు నన్ను నిలువనీయలేదు.

అప్పుడు, పిల్లల వ్రాతలు దిద్దునాడు నేను పాటించిన నియమము జ్ఞప్తికి వచ్చినది: తప్పు ఎచ్చట నున్నదో తెలియక కలము పెట్టరాదు. మీట నొక్కినపుడు జరుగున దేమి? మీటక్రింద చిన్న రబ్బరు బుడిపె యుండును. దానిక్రింద పలుచని ప్లాస్టిక్కు పొరలు, వానిమీద విద్యుత్తు పాఱెడు గీతలు నుండును. నొక్కగనే పై పొరలోని గీత క్రింది పొరలోని గీతకు దగులును. అడ్డముగను నిలువుగను వలవలె నున్న యా గీతలలో ఏవి కలిసికొనెనో ఒక చిప్పు కనిపెట్టి, ఆ వార్తను యంత్రమునకు జేర్చును. పిదప విండోసు దాని నక్షరముగ మార్చి తెరపై నుంచును. ఈ దారిలో వార్త ఎచ్చట నాగిపోయినదో తెలిసికొనుటయే చికిత్సలో మొదటి మెట్టు.

మా యింట పాత కంప్యూటరునకు జెందిన విడి కీబోర్డొకటి మూలబడి యుండెను. దానిని దెచ్చి యు.ఎస్.బి. రంధ్రమున తగిలించితిని. దానివలనను అక్షరము పడలేదు. నిరాశ పడవలసినచోట నాకు ధైర్యము గలిగినది. రెండు కీబోర్డులు ఒక్క గడియలో చెడునా? కావున తప్పు మీటలలో లేదు, వార్త నందుకొనువానియందే కలదు. విసుగుతో ఒక మీటను గట్టిగా నొక్కి యట్లే పట్టుకొంటిని. కొంత తడవునకు అక్షరము పడినది! అప్పుడు చదువక త్రోసివేసిన ప్రకటన గుర్తుకు వచ్చినది. విండోసులో కుడివైపు షిఫ్టు మీటను ఎనిమిది సెకనులు పట్టియుంచిన, ఫిల్టర్ కీస్ అను నేర్పాటును ప్రారంభింపవలెనా యని యడుగును. అవునన్నచో, క్షణకాలము తగిలి విడిచిన మీటలను అది లెక్కచేయదు. సెట్టింగులలో మౌసుతో దానిని నిలిపివేసితిని. పదునొకండు గంటల నలువది నిమిషములకు దరఖాస్తు వెళ్లినది.

అందఱి కష్టమును ఇంత తేలికగా దీఱదు. కాని వెదకు వరుస మాత్ర మొక్కటే. విడి కీబోర్డు పనిచేసి లోపలిది పనిచేయనిచో, తప్పు లోపలిదానియందే యుండవచ్చును. మఱియొక పరీక్ష కలదు: యంత్రము మేల్కొనునపుడు, తయారీదారు చెప్పిన మీటను, సాధారణముగ ఎఫ్2 గాని డిలీట్ గాని, నొక్కి, విండోసునకు ముందుగా వచ్చు బయాస్ పుట తెఱువుడు. అచ్చట బాణపు గుర్తుల మీటలు కదలినచో కీబోర్డు బ్రతికియున్నదనియే యర్థము. అక్షరములకు బదులు అంకెలు పడుచున్నచో నమ్ లాక్ చూడుడు. ఒక్క మీట మాత్రమే మొరాయించిన, దానిక్రింద దుమ్ము చేరియుండవచ్చును. కొన్ని మీటలు గుంపుగా మూగవోయినచో, వలలో నొక గీత తెగియుండును, లేదా లోపలి రిబ్బను కేబులు వదులై యుండును. అది చేయితిరిగిన పనివాని పని. కాఫీ ఒలికినచో వెంటనే ఆపివేసి, తీగ నూడదీసి, తలక్రిందుగ నుంచుడు, ఆరినదని నమ్మకము గలుగువఱకు మరల వెలిగింపకుడు, వేడిగాలి పట్టింపకుడు. నీరారినను చక్కెర మిగిలి మీటలను పట్టుకొనును. అత్యవసర మైనప్పుడు తెరపైనే కీబోర్డును దెప్పించు సదుపాయము విండోసులో గలదు. మౌసుతో ఒక్కొక్క యక్షరమే నొక్కి పని గడుపుకొనవచ్చును.

ఇంకొక మాట చెప్పి విరమించెదను. ఆ ఫిల్టర్ కీస్ అనునది తెగులు గాదు. చేతులు వణకువారు పొరపాటున ప్రక్క మీటలను తాకినను అక్షరములు పడకుండుటకై చేసిన సాయ మది. నా బాల్యమిత్రు డొకనికి చేయి వణకును. ఉత్తరములు వ్రాయుట మానివేసి చాలకాలమైనది. ఆ మఱునాడు నేనే పోయి ఆయన ల్యాప్‌టాపులో దానిని ప్రారంభించితిని. నెల తిరుగకమునుపే ఆయన స్వయముగ వ్రాసిన యుత్తరము నాకు వచ్చినది. నాకు అడ్డుపడినదే ఆయనకు ఊతకఱ్ఱ యైనది. కాబట్టి, తెరపై నేమి వ్రాసియున్నదో చదివి మఱీ 'అవును' అనుడు.