ఎన్ని బస్తాలకు ఎంత గాదె?



పంట చేతికి వచ్చింది. కళ్ళంలో రాశి పడింది. వడ్లు ఇంటికి చేరాలి. ఎన్ని దాచాలి? ఎందులో దాచాలి?

ఈ ప్రశ్న కొత్తది కాదు. తాతముత్తాతలు వెదురు తడికె అల్లి, పేడా మట్టీ మెత్తి గాదెలు చేసుకున్నారు. తెలంగాణ పల్లెల్లో గుమ్ములు కట్టుకున్నారు. రాయలసీమలో నేల తవ్వి, పాతర వేసి జొన్నలు దాచుకున్నారు. గడ్డితాడు చుట్టి పురులు కట్టినవారూ ఉన్నారు. తర్వాత రేకు డబ్బాలు వచ్చాయి. గోనె సంచులు ఎప్పుడూ ఉన్నవే.

పేరు ఏదైనా సంగతి ఒక్కటే. గాదె ఇంటి అవసరానికి సరిపోవాలి. చిన్నదైనా చిక్కే. పెద్దదైనా చిక్కే.

చిన్నదైతే ఏమవుతుంది? పట్టని వడ్లు వసారాలో గోడవార పోస్తారు. ఎలుకలు, పందికొక్కులు చేరతాయి. అవి తినేదానికన్నా పాడుచేసేది ఎక్కువ. లేదంటే చోటు లేదని తిండి గింజలు కూడా కళ్ళంలోనే అమ్మేస్తారు. నాలుగు నెలలు పోయాక అదే ఇల్లాలు బియ్యం కోసం కొట్టుకు పోవాలి. అమ్మిన ధర ఒకటి. కొనే ధర మరొకటి.

పెద్దదైతే ఏమవుతుంది? ముందు డబ్బు దండగ. ఆపైన గాదె సగం ఖాళీగా ఉంటుంది. ఖాళీలో గాలి ఉంటుంది. తేమ చేరుతుంది. ముక్కుపురుగుకు, వడ్ల చిలుకకు అదే కావాలి. ఎలాగూ చోటుంది కదా అని పాత వడ్ల మీదే కొత్త వడ్లు పోస్తారు. పాత పురుగు కొత్త గింజను పడుతుంది.

మరి సరైన గాదె ఏది? కంటితో చూసి చెప్పలేం. లెక్క వేసి చెప్పాలి.

ఒక ఊళ్ళో అన్నదమ్ములు ఉన్నారనుకోండి. అన్న ఇంట్లో భార్యాభర్తలు ఇద్దరే. పిల్లలు పట్నంలో ఉన్నారు. వాళ్ళకు ఏడాదికి రెండు పంటలు వస్తాయి. ఇంట్లో పాత రేకు డబ్బా ఒకటి ఉంది. వెడల్పు 2 అడుగులు, ఎత్తు 3 అడుగులు. రెండు బస్తాల వడ్లు పడతాయి.

ఆ ఇంటికి నాలుగు బస్తాలు పట్టే డబ్బా కావాలి. అన్న రేకుల పనివాడి దగ్గరకు పోయాడు. "పాతదానికి రెండింతలు కావాలి. ఎత్తు అంతే ఉంచు. వెడల్పు 4 అడుగులు చెయ్యి" అన్నాడు.

డబ్బా వచ్చింది. గుమ్మం వెడల్పు 3 అడుగులే. డబ్బా లోపలికి పట్టలేదు. పైగా నాలుగు బస్తాలు పోస్తే సగం కూడా పైన ఖాళీగానే ఉండిపోయింది. అందరూ ఆశ్చర్యపోయారు.

తమ్ముడి భార్య రాత్రిబడికి పోయి చదువు నేర్చుకుంది. ఆమె పలక తెచ్చింది. "అక్కా, ఇందులో మాయేమీ లేదు. లెక్క తప్పింది అంతే" అంది. తోడికోడలికి ఇలా వివరించింది.

అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న చోటును ఒక ఘనపు అడుగు అంటారు. అందులో వడ్లు సుమారు 16, 17 కిలోలు పడతాయి. 75 కిలోల బస్తాకు సుమారు నాలుగున్నర ఘనపు అడుగుల చోటు కావాలి.

గుండ్రటి డబ్బాలో చోటు కొలిచే తీరు తేలికే. వెడల్పును వెడల్పుతో హెచ్చించాలి. దాన్ని ఎత్తుతో హెచ్చించాలి. వచ్చినదాంట్లో నాలుగో వంతు తీసేయాలి. ఇది ఉజ్జాయింపు లెక్క. ఇంటి పనికి ఇది చాలు.

పాత డబ్బా: 2 × 2 × 3 = 12. నాలుగో వంతు 3 తీస్తే 9. అంటే 2 బస్తాలు.

కొత్త డబ్బా: 4 × 4 × 3 = 48. నాలుగో వంతు 12 తీస్తే 36. అంటే 8 బస్తాలు.

వెడల్పు రెండింతలు చేస్తే పట్టేది నాలుగింతలు అవుతుంది. అన్న ఎత్తు ఒక్కటే రెండింతలు చేయించి ఉంటే సరిపోయేది. లేదా పాత డబ్బాలాంటిదే ఇంకొకటి కొంటే చాలు. గుమ్మం కూడా పట్టేది.

ఇంతకీ ఆ ఇంటికి నాలుగు బస్తాలు చాలునని ఎలా తెలిసింది? దానికీ లెక్క ఉంది.

ముందు తినే నోళ్ళు లెక్కపెట్టాలి. పిల్లా పెద్దా కలిపి మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం అనుకుంటే, ఇద్దరికి 800 గ్రాములు. ఆరు నెలలకు సుమారు 146 కిలోలు. 100 కిలోల వడ్లు మర ఆడిస్తే సుమారు 65 కిలోల బియ్యం వస్తాయి. ఆ లెక్కన 225 కిలోల వడ్లు కావాలి. అంటే 3 బస్తాలు. చుట్టాలకు, పండగలకు ఇంకొక బస్తా. మొత్తం 4. ఆరు నెలలకు మళ్ళీ పంట వస్తుంది. కాబట్టి ఏడాది గింజలు దాచే పని లేదు.

తమ్ముడి ఇంట్లో ఐదుగురు. చెరువు కింద ఒక్కటే పంట. ఆ ఇంటికి రోజుకు 2 కిలోల బియ్యం. ఏడాదికి 730 కిలోలు. వడ్లు 15 బస్తాలు. పైఖర్చుకు ఒకటి. మొత్తం 16. వాటికి 72 ఘనపు అడుగుల చోటు కావాలి.

4 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు ఉన్న గాదె ఒకటి చాలు. కానీ తమ్ముడి భార్య అలా చేయించలేదు. బావగారి డబ్బా ఆమే తీసుకుంది. తన ఇంటి గుమ్మం పెద్దది. అలాంటిదే రెండోది చేయించింది. ఒకటి తీసి వాడుతుంటే రెండోది మూతపెట్టి ఉంటుంది. మాటిమాటికి తెరవని గాదెలో పురుగు తక్కువ. ఒకదాంట్లో పురుగు పడినా రెండోది దక్కుతుంది.

ఇంకా కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి.

బస్తా అంటే అన్నిచోట్లా ఒక్కటే తూకం కాదు. కొన్నిచోట్ల 75 కిలోలు. కొన్నిచోట్ల 40 కిలోలు. ముందు కిలోలు అడగాలి.

బియ్యానికి చోటు తక్కువ పడుతుంది. వడ్లకు ఎక్కువ పడుతుంది. 100 కిలోల బియ్యం పట్టే డబ్బాలో వడ్లు సుమారు 75 కిలోలే పడతాయి.

చేయించేముందు గుమ్మం కొలవాలి. గాదెకూ గోడకూ మధ్య చీపురు ఆడేంత సందు ఉండాలి. గాదెను నేల మీద పెట్టకూడదు. దిమ్మె మీద గానీ రాళ్ళ మీద గానీ నిలపాలి.

ఎంత మంచి గాదె అయినా పచ్చి వడ్లను కాపాడలేదు. మిషను కోసిన వడ్లలో తేమ ఎక్కువ. బాగా ఎండబెట్టాలి. తేమ నూటికి 14 పాళ్ళు దాటకూడదు. గింజ కొరికితే పటుక్కుమనాలి. ఎండలో నుంచి తెచ్చిన వేడి వడ్లు వెంటనే పోయకూడదు. చల్లారాక పోయాలి.

పురుగు పడిందని ఇంట్లో విషపు బిళ్ళలు పెట్టకూడదు. ఆ గాలి పీలిస్తే మనుషులే చచ్చిపోతారు.

విత్తనం వడ్లు వేరే దాచాలి. తిండి గాదెలో కలపకూడదు.

తిండికి పోగా మిగిలినవి ఏం చేయాలి? ధర లేదని ఇల్లంతా బస్తాలు పేర్చుకుంటే మనుషులు పడుకునే చోటు పోతుంది. వాటికి గిడ్డంగులు ఉన్నాయి. కేంద్ర గిడ్డంగుల సంస్థ 1957లో ఏర్పడింది. రాష్ట్రాలకూ గిడ్డంగుల సంస్థలు ఉన్నాయి. సరుకు పెట్టినవారికి రశీదు ఇస్తారు. ఆ రశీదు చూపి బ్యాంకులో అప్పు అడగవచ్చు. అయితే అద్దె కట్టాలి. ఎన్ని బస్తాలు, ఎన్ని నెలలు, అద్దె ఎంత, పెరగబోయే ధర ఎంత? ఇదీ ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవాలి. రశీదులో రాసిన బస్తాలు, తూకం చదివి చూసుకోవాలి.

పొలంలో ఆరు నెలలు ఒళ్ళు వంచితే గింజ వస్తుంది. దాన్ని దాచడానికి ఒక పూట కూర్చుని కొలత వేస్తే చాలు. ఊళ్ళో పెద్ద గాదె ఎవరిదని కాదు. పంట నుంచి పంట దాకా ఎవరి ఇంట్లో అన్నం తప్పలేదన్నదే చూడాలి.

లెక్క చేసి చూడండి

ఒక ఇంట్లో నలుగురు ఉన్నారు. ఏడాదికి ఒకటే పంట. చుట్టాల ఖర్చు వదిలేయండి. 75 కిలోల బస్తాలు ఎన్ని కావాలి? గాదె వెడల్పు 4 అడుగులైతే ఎత్తు ఎంత ఉండాలి?

జవాబు: 12 బస్తాలు. ఎత్తు నాలుగున్నర అడుగులు.