వంటింటిలో విజ్ఞానశాస్త్రం



బడిలో ప్రయోగశాల లేదని చింతించనవసరం లేదు. 1860-61 శీతకాలంలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే బాలబాలికలకు ఆరు ఉపన్యాసాలిచ్చినది ఒక్క కొవ్వొత్తిని ఆధారంగా చేసుకొనే.

ఆ కొవ్వొత్తినే పళ్ళెంలో అతికించి, నీరు పోసి, వెలిగించి, గాజుగ్లాసు బోర్లించండి. (నిప్పు దగ్గర పెద్దలుండి తీరాలి.) మంట ఆరుతుంది, నీరు గ్లాసులోకి ఎక్కుతుంది. 'ప్రాణవాయువు ఖర్చయింది, ఆ చోటికి నీరు వచ్చింది' అని చెప్పి ముగించడం వాడుక. ఆ సమాధానం సరికాదు. అదే గ్లాసు క్రింద మూడు కొవ్వొత్తులు వెలిగించి చూపండి. లోపలి ప్రాణవాయువు పెరగలేదు; నీరు మాత్రం మునుపటికన్న ఎత్తుకు వస్తుంది. పైగా అది వేగంగా ఎక్కేది మంట ఆరిన తరువాతనే. వేడికి వ్యాకోచించిన గాలి కొంత గ్లాసు బోర్లించేటప్పుడే వెలికి పోయింది. మిగిలినది చల్లబడి సంకోచించగా బయటి గాలి పీడనం నీటిని లోనికి నెట్టింది. పెద్దలు తొందరపడి జవాబు చెప్పకుంటే ఈ గుట్టును బిడ్డలే చాలవరకు పట్టుకోగలరు.

పారాణి సంగతి తల్లులకు వేరే చెప్పాలా? పసుపునీటిలో సున్నపుతేట పడితే ఎరుపు. నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు. సున్నం క్షారం, నిమ్మరసం ఆమ్లం. వీధిలో వేరే భాష వినిపించే ఊళ్ళలో ఈ శాస్త్రపదాలు బిడ్డల నోట నిలవడానికి ఇంటి తెలుగుమాటలే ఊతం. పసుపు పూసిన కాగితంపై సబ్బునీరు, చింతపండు పులుసు, వంటసోడా నీరు ఒక్కొక్క చుక్క వేయించండి. వేయకముందే ఏ రంగు వస్తుందో వ్రాయమనండి.