కారంపూడి వీర్లగుడి: పాట మనది, కథ ఎవరిది?

(పల్నాటి వీరుల తిరునాళ్లకు ముందు ఒక దళితవాడలో చేసిన ప్రసంగ పాఠం)



కార్తీక అమావాస్య వస్తోంది. మనోళ్లంతా కారంపూడి పోతారు. మేమూ పోతాం. మా నాయన మమ్మల్ని భుజాన ఎక్కించుకొని నాగులేరు దాటించిన కాడ్నించీ పోతానే ఉన్నాం. కాబట్టి తిరునాళ్లకు పోవద్దని చెప్పడానికి మేం రాలేదు. ఆ గుళ్లో ఉన్నది ఎవరు, వాళ్ల కథ ఇన్ని వందల ఏళ్లు ఎవరి నోట్లో బతికింది అనే లెక్క ఒకసారి చూసుకుందామని వచ్చాం.

కారంపూడి చిన్న ఊరు. పాత ద్విపదలో దాని పేరు కార్యమపూడి. 12వ శతాబ్దం చివర్లో గురజాల నలగామరాజు, మాచర్ల మలిదేవరాజు, ఒక్క ఇంటి అన్నదమ్ములు, కొట్టుకొని చచ్చిన నేల అది. ఇటు మంత్రి బ్రహ్మనాయుడు, అటు మంత్రి నాగమ్మ. కోడిపందెం, ఏడేళ్ల వలస, రాయబారం పోయిన అలరాజును చంపడం, ఇవన్నీ మీకు మేం చెప్పాలా? మీ నోటికి వచ్చినంత మా పుస్తకాల్లో లేదు. ఒక్క మాట మాత్రం. నాటకాలోళ్లు, సినిమావోళ్లు తప్పంతా నాగమ్మ నెత్తిన పెట్టారు. రాజ్యం నడిపిన ఆడమనిషిని ఇంతగా ఆడిపోసుకున్న వాళ్లు, రాజ్యం కోసం తమ్ముళ్లను చంపుకున్న మగాళ్లను ఏమన్నారో మీరే ఆలోచించండి.

సరే, గుడి సంగతి. పల్నాడులో గుళ్లకు కరువు లేదు. మాచర్లలో చంద్రవంక ఒడ్డున చెన్నకేశవుడి గుడి ఉంది, చెక్కిన స్తంభాలు, పెద్ద ప్రాకారం. కారంపూడిలోనూ చెన్నకేశవుడున్నాడు, అంకాలమ్మ ఉంది. వీర్లగుడి మాత్రం వేరే. అక్కడ ఆకాశం నుంచి దిగిన దేవుడు లేడు. యుద్ధంలో చచ్చిన మనుషులు రాళ్లై కూర్చున్నారు. అరవై ఆరుమంది వీరులని మన లెక్క. వాళ్ల ఆయుధాలే అక్కడ దేవుళ్లు. ఊరూరి నుంచీ కొణతాలు భుజానికెత్తుకొని వస్తారు, నాగులేట్లో స్నానం చేయిస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, అయిదు రోజులు చచ్చినోళ్లు మళ్లీ బతికి మళ్లీ చస్తారు. అట్లా మనుషులకు మొక్కే గుడి మన దేశంలో ఎన్నున్నాయి?

ఆ రాళ్ల మధ్య ఒక మాలవాడు ఉన్నాడు. కన్నమదాసు. బ్రహ్మనాయుడు కొడుకుగా చేసుకున్నాడని, సేనానిని చేశాడని కథ.

ఈ కథకు శాస్త్రం ఏది? వేదం కాదు, పురాణం కాదు. పాట. ఆ పాట పాడేది ఎవరు? వీరవిద్యావంతులు. వాళ్లు మాలలు. 15వ శతాబ్దంలో శ్రీనాథుడు ద్విపద రాశాడంటారు. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చు వేయించారు. మంచిదే. కానీ వినుకొండ వల్లభరాయుడి పేరనున్న క్రీడాభిరామంలోనే ఓరుగల్లు వీధుల్లో పల్నాటి వీరుల పాట వినిపిస్తుంది. అంటే కాగితం మీదికి ఎక్కకముందే ఆ కథ నోళ్ల మీద ఊళ్లు తిరుగుతోంది. 1982లో జీన్ రోఘేర్ అనే అమెరికా ఆయన ఇంగ్లీషులో పెద్ద పుస్తకం వేశాడు. దానికి ఆధారం అలిసెట్టి గాలెయ్య పాడిన పాట. ఎక్కడో ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చయింది. మన వాడల్లో గాలెయ్య పేరు ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి చూద్దాం. ... ఇద్దరు. మాదీ తప్పే. బీఏ చదివేదాకా మాకూ తెలవదు.

ఇప్పుడు చాపకూడు. అన్ని కులాలవాళ్లను ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు అన్నం పెట్టాడని కథ. ఇప్పటికీ మందపోరునాడు చాపకూడు జరుగుతుంది. ఆ కాలానికి అది చిన్న పని కాదు, మేం కాదనం. అయితే మేం ఏడో తరగతి చదివేటప్పుడు ఒకటి జరిగింది. బడి పేరు వద్దు, సారు పేరు వద్దు. చాపకూడు గురించి చెప్పమంటే లేచి గడగడా చెప్పాం. సారు "శభాష్‌రా" అన్నాడు. మధ్యాహ్నం దప్పికై కుండ దగ్గరికి పోతే, అదే సారు పక్క పిల్లోడితో మా దోసిట్లో ఎత్తి పోయించాడు. గ్లాసు ముట్టనియ్యలేదు. ఆ పిల్లోడు మా పక్కనే కూర్చొని పాఠం విన్నవాడే. ఇంటికొచ్చి మా అమ్మకు చెబితే, "చాప ఎత్తేసినాక మాటలే నాయనా" అంది. మా అమ్మకు అక్షరం ముక్క రాదు.

అప్పటినుంచీ మాకు ఒకటే అనుమానం. చాప మీంచి లేచినాక ఎవరు ఎక్కడికి పోయారు? కన్నమదాసుకు కత్తి ఇచ్చారు, యుద్ధం వచ్చింది గనక. మాచర్ల పొలాల్లో ఆయన కులానికి ఎన్ని కుంటలు ఇచ్చారు? మేం విన్న పాటలో ఆ ముక్క లేదు. అన్నం పెట్టడం వేరు, అన్నం పండే నేల పంచడం వేరు.

అదే పల్నాటి గడ్డ మీద, వినుకొండలో, 1895లో జాషువా పుట్టాడు. 1941లో గబ్బిలం రాశాడు. గబ్బిలానికి గుళ్లోకి దోవ ఉంది, దాంతో కబురు పంపే మనిషికి లేదు. చాపకూడు జరిగిందని చెప్పుకొనే నేల మీద, ఏడొందల యాభై ఏళ్ల తర్వాత! గుడి తలుపులు బ్రహ్మనాయుడి పేరు చెప్పుకుంటే తెరుచుకోలేదు. 1947 మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం రావాల్సొచ్చింది, 1950లో రాజ్యాంగం 17వ అధికరణం రావాల్సొచ్చింది. అవి వచ్చినాక కూడా ఇదే గుంటూరు జిల్లాలో 1991లో చుండూరు జరిగింది. పల్నాడు వేరే జిల్లా అయింది 2022లో. జిల్లా మారితే ఊరు, వాడ ఒకటైపోలేదు.

మనలో మనం కూడా ఒక మాట అనుకోవాలి. కన్నమదాసు మావాడని మాలపల్లె ఛాతీ విరుస్తుంది. కొణతాలు కదలాలంటే డప్పు మోగాలి గదా, ఆ డప్పు ఎవరిది? మాదిగ అన్నను పాటలో ఎక్కడ నిలబెట్టాం? ఈ ప్రశ్న మాకు ఇష్టంగా లేదు. అయినా అడుగుతున్నాం. మన చాప మీద మనమే సరిగ్గా కూర్చోకపోతే ఊరినేం అడుగుతాం?

చివరగా పని సంగతి. మా పక్క ఊళ్లో ఒక తాత ఉన్నాడు, విద్యావంతుడు. కత్తి పట్టుకొని లేస్తే తెల్లారేదాకా ఆపకుండా పాడేవాడు. ఇప్పుడు కొంచెంసేపటికే ఆయాసం. కొడుకు హైదరాబాదులో మేస్త్రీ పనికి పోయాడు, పాట నేర్వలేదు. తప్పు పట్టం, పాటకు కూలి గిట్టదు. పోయినసారి మేం పోయి కూర్చుంటే బాలచంద్రుడు యుద్ధానికి పోయేదాకా పాడి, "మిగతాది ఎల్లుండి రా అయ్యా" అన్నాడు. ఎల్లుండి మాకు పరీక్ష డ్యూటీ పడింది. పోలేకపోయాం.

అందుకని పదో తరగతి పిల్లలు నలుగురు కావాలి. మాల ఇద్దరు, మాదిగ ఇద్దరు. ఆడపిల్లలైతే మరీ మంచిది. సెల్‌ఫోన్ మేం తెస్తాం. వచ్చే ఆదివారం పొద్దున్నే తాత ఇంటికి పోదాం, అలరాజు రాయబారం దగ్గర్నించి మొదలుపెడదాం. తాతకు టీ మాత్రం మనమే తీసకపోవాలి. ఆ సెంటర్లో ఆయనకు ఇచ్చే గ్లాసు సంగతి మీకు తెలుసు గదా.