బిడ్డ జబ్బు, ఇంటి బరువు, మన బాధ్యత
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పేద ఆడపిల్లల పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకుంటున్నాం. ఈసారి మనం ఎప్పుడూ నోరు విప్పని విషయం ఒకటి మీ ముందుంచుతున్నాం. ఏళ్ళ తరబడి జబ్బుతో బతికే పిల్లల సంగతి, వాళ్ళను సాకే ఇళ్ళ సంగతి.

బిడ్డకు జ్వరమొస్తే వీధంతా వచ్చి పలకరిస్తుంది. నాలుగు రోజుల్లో జ్వరం పోతుంది. కాని ఉబ్బసం, మూర్ఛ, చిన్నతనంలోనే వచ్చే చక్కెర వ్యాధి, తలసీమియా ఇలాంటివి నాలుగు రోజులతో పోయేవి కావు. జబ్బు మిగిలిపోతుంది, పలకరింపులు మాత్రం మొదటి నెలతోనే ఆగిపోతాయి. ఆ తర్వాత ఆ తల్లిదండ్రులు ఒంటరివాళ్ళు.

వీటిలో తలసీమియానే తీసుకుందాం. ఈ పిల్లల ఒంట్లో మంచి రక్తం తగినంత తయారు కాదు. పుట్టినప్పుడు బాగానే ఉంటారు. ఆరు నెలలు దాటాక, రెండేళ్ళ లోపల పాలిపోతారు, తిండి తినరు, పొట్ట ఉబ్బుతుంది. ఇక రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఒక్కసారి కాదు, ఒక్క ఏడు కాదు.

బండల పాలిష్ పనికి పోయే ఒక తండ్రి ఇల్లు మేము చూశాం. ఆ తల్లి క్యాలెండర్‌లో పండుగలు చూసుకోదు, ఇరవై ఒకటో రోజు ఎప్పుడొస్తుందో చూసుకుంటుంది. ఆ రోజు తెల్లవారుజామున మొదటి బస్సుకు బిడ్డను ఎత్తుకుని పెద్దాసుపత్రికి బయలుదేరాలి. తండ్రికి ఆ రోజు కూలి పోతుంది. పెద్దపిల్లకు బడి పోతుంది, ఇంట్లో చిన్నవాణ్ణి ఎవరు చూస్తారు? రక్తం దొరికితే రాత్రికి ఇల్లు చేరతారు. దొరక్కపోతే అక్కడే వరండాలో పడుకుంటారు. "డబ్బు అప్పు అడగొచ్చు సార్, రక్తం ఎన్నిసార్లని అడిగేది?" అన్నాడా తండ్రి. మా దగ్గర జవాబు లేకపోయింది.

ఇంకొక బాధ ఉంది, అది ఇంట్లో వాళ్ళే పెట్టేది. "నీ కడుపున పుట్టింది కాబట్టే ఇట్లయింది" అని కోడల్ని దెప్పుతారు. ఇది అన్యాయం, అబద్ధం కూడా. ఈ లక్షణం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ కలిస్తేనే బిడ్డకు జబ్బు వస్తుంది. ఇద్దరిలోనూ లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ నూటికి ఇరవై ఐదు పాళ్ళు ఆ ప్రమాదం ఉంటుంది. లక్షణం మాత్రమే ఉన్నవాళ్ళు రోగులు కారు, మనందరిలాగే తిరుగుతుంటారు.

చుట్టాలు ప్రేమ కొద్దీ రక్తం పట్టే టానిక్కులు తెస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. మాటిమాటికీ రక్తం ఎక్కించడం వల్ల ఈ పిల్లల ఒంట్లో ఇనుము ఇప్పటికే పేరుకుపోయి ఉంటుంది. అది గుండెనూ కాలేయాన్నీ దెబ్బ తీస్తుంది. దాన్ని తగ్గించే మందు రోజూ వేయాలి. రక్తం సంగతి గుర్తుంటుంది, ఈ మందు సంగతే చాలా ఇళ్ళలో మరిచిపోతారు. రెండూ సరిగా నడిస్తే ఈ పిల్లలు పెరిగి చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నారు. కాబట్టి బడి మానిపించకండి.

దర్గాకు తీసుకుపోవడం తప్పని మేము అనడం లేదు. కడప పెద్ద దర్గాలో బిడ్డ కోసం కన్నీళ్ళు పెట్టుకోని తల్లి ఎవరు? దుఆ చేయండి, మందూ వేయండి. వైద్యం చేయించుకోమన్నది మన ప్రవక్తగారి బోధనే కదా.

ఇక మనం చేయగలిగింది ఏమిటి? మొదటిది రక్తం. లెక్క వేసి చూడండి. మూడు వారాలకొకసారంటే ఏడాదికి పదిహేడు పద్దెనిమిది సార్లు. ఆరోగ్యవంతుడైన మగవాడు మూడు నెలలకొకసారి రక్తం ఇవ్వవచ్చు. ఎనిమిది మంది యువకులు ఏడాదికి మూడుసార్లు బ్లడ్ బ్యాంకులో ఇస్తే ఇరవై నాలుగు సీసాలు. ఒక చిన్నబిడ్డ ఏడాది గడిచిపోతుంది. ఒక్కొక్క మొహల్లా ఒక్కొక్క బిడ్డను దత్తు తీసుకోలేదా? ఎండాకాలంలోనూ, రంజాన్ నెలలోనూ రక్తానికి కరువొస్తుంది. రోజా ఉన్నవాళ్ళు ఇఫ్తార్ అయ్యాక, కడుపునిండా తిని నీళ్ళు తాగి ఇవ్వవచ్చు. ఒక ప్రాణం నిలబెట్టడంలో ఎంత సవాబు ఉందో మసీదులో వింటూనే ఉన్నాం.

రెండవది కాగితాల పని. వికలాంగుల హక్కుల చట్టం, 2016 తలసీమియాను కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. సర్టిఫికెట్ ఉంటే హక్కులు అడగవచ్చు. ఎముక మజ్జ మార్పిడికి సాయం చేసే తలసీమియా బాల సేవా యోజన 2017లో మొదలైంది. ఇవి చదువు రాని తండ్రికి ఎలా తెలుస్తాయి? మన సభ్యులలో రిటైరైన ఉద్యోగులున్నారు. నెలకు రెండు సాయంత్రాలు దరఖాస్తులు రాసిపెట్టండి. బస్సు చార్జీకి, పోయిన కూలికి జకాత్ నిధిలో కొంత విడిగా ఉంచుదాం.

మూడవది కొందరికి చేదుగా ఉండవచ్చు. మనలో చాచా బిడ్డను, ఖాలా బిడ్డను చేసుకుంటాం. మన పక్కింటి హిందూ సోదరులలో మేనరికాలున్నాయి. సంబంధాలు చెడగొట్టమని మేము చెప్పడం లేదు. నిశ్చయానికి ముందు అబ్బాయికీ అమ్మాయికీ హిమోగ్లోబిన్ ఎ2 పరీక్ష చేయించమంటున్నాం. ఒక్కరిలోనే లక్షణముంటే భయం లేదు. ఇద్దరిలోనూ ఉంటేనే ఆలోచించాలి. ఇప్పటికే పెళ్ళయి ఇద్దరిలోనూ ఉంటే, మళ్ళీ గర్భం రాకముందే డాక్టర్‌ను కలవాలి. ఇదేమీ కొత్త మాట కాదు. ఇరాన్‌లో 1997 నుంచి, సౌదీ అరేబియాలో 2004 నుంచి పెళ్ళికి ముందు ఈ పరీక్ష తప్పనిసరి. అక్కడ నిఖాకు అడ్డురాని పరీక్ష ఇక్కడ ఎందుకు అడ్డొస్తుంది? కట్నకానుకలు, జాగాలు, నగలు ఇన్ని అడిగే మనం ఈ ఒక్క కాగితం అడగలేమా?

చివరగా ఒక్క మనవి. ఈ సభలో అలాంటి బిడ్డ ఉన్న తల్లి ఎవరైనా ఉంటే, దాచుకోవద్దమ్మా. మీరు చేసిన తప్పేమీ లేదు. సమావేశం అయ్యాక మా కార్యకర్తలతో ఒక్క మాట చెప్పండి. ఈసారి ఇరవై ఒకటో రోజు మొదటి బస్సులో మీతోపాటు మాలో ఒకరు కూర్చుంటారు.

అల్లా మన పిల్లలందరినీ చల్లగా చూడాలి. ఆమీన్. ఖుదా హాఫిజ్.