నోరు విప్పడానికి నామోషీ ఎందుకు?

(మహిళల కార్యక్రమంలో చదివిన ప్రసంగ పాఠం)



మన కడప వైపు ఆడవాళ్లకు కువైట్ కొత్త ఊరేం కాదు. రాజంపేట, రాయచోటి ప్రాంతాల్లో ఏ వీధిలో అడిగినా పోయొచ్చినవాళ్లు ఒకరైనా కనిపిస్తారు. మా దువ్వూరు చుట్టుపక్కల కూడా, కె.సి. కాలువకు నీళ్లు రాని ఏడు వరినాట్లు మానుకొని పాసుపోర్టు కోసం తిరిగిన ఇళ్లున్నాయి. పోయేముందు జీతమెంత, ఇంట్లో ఎంతమంది అని అందరూ అడుగుతారు. పైకి అడగని భయం మాత్రం లోపలే ఉంటుంది. "ఆ భాష నాకెట్లా వస్తుందో, తప్పు మాట్లాడితే ఏమంటారో" అని. ఈ పూట ఆ భయం గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఈ భయం చదువురాని వాళ్లకంటే చదువుకున్నవాళ్లకే ఎక్కువ. వేలిముద్ర వేసే ఆమె ఆర్నెల్లలో సైగతో సగం, మాటతో సగం గడుపుకొస్తుంది. పది పాసైన అమ్మాయి ఏడాదైనా "ఊఁ, ఆఁ" దగ్గరే ఉంటుంది. ఎందుకంటారు? నాలాగా పదో తరగతితో చదువు ఆపినవాళ్లం ఇంగ్లీషును చెవితో నేర్చుకోలేదు, రాతపరీక్షలకు నేర్చుకున్నాం. తప్పుకొక మార్కు పోతుందని మనసులో నాటుకుపోయింది. కనుక ఎవరైనా ఎదురై మాట్లాడితే ముందు కర్త, తర్వాత క్రియ, అది నిన్నటిదా రేపటిదా అని లోపల వాక్యం కట్టుకుంటాం. వాక్యం తయారయ్యేసరికి ఎదుటిమనిషి వెళ్లిపోయి ఉంటుంది!

ప్రొద్దుటూరు బజారులో మార్వాడీ సేటు మాట్లాడే తెలుగు వినే ఉంటారు. "మీ ఆయన వచ్చింది, గొలుసు చూసింది, పోయింది" అంటాడు. మనం ఏమైనా అనుకుంటామా? గొలుసు తరుగు ఎంత, మజూరీ ఎంత అని అడిగి బేరం చేసుకొని వస్తాం. ఆయన తెలుగులో లింగం తప్పిందని బేరం వదులుకున్న ఆడమనిషిని నేనింతవరకు చూడలేదు. పైగా "పాపం, మన భాష నేర్చుకున్నాడు" అని మెచ్చుకుంటాం. పరాయివాడికిచ్చే ఈ మన్నన మనకు మనం ఇచ్చుకోం. అదే నాకు అర్థంకాని సంగతి.

కడపకు సంబంధించిన ఒక దొర సంగతి చూడండి. సి.పి. బ్రౌన్ 1817లో మద్రాసులో దిగి తెలుగు ఓనమాలు మొదలుపెట్టినవాడు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడని, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడని పిల్లలు కూడా చెప్తారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటనే జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి గ్రంథాలయం కట్టించారు. నాకు మాత్రం ఆయన వేరే పుస్తకాలు రెండు ఎక్కువ ముచ్చటగా తోస్తాయి. ఒకటి 1853 నాటి తెలుగు–ఇంగ్లీషు సంభాషణల పుస్తకం. రెండోది 1854లో వచ్చిన మిశ్రభాషా నిఘంటువు. కచ్చేరీల్లో, బజార్లలో తెలుగులో కలిసిపోయిన అరబ్బీ, ఫారసీ, ఇంగ్లీషు మాటలన్నీ అందులో పోగుచేశాడు. గ్రాంథికమే భాష, తక్కినదంతా మైల అనుకొనే రోజులవి. కచ్చేరీకొచ్చిన రైతు ఏమంటున్నాడో తెలియాలంటే ఆ మైలమాటలే కావాలని ఆ దొరకు తెలిసింది.

ఆ మాటలు ఇప్పుడు మన ఆడవాళ్లకూ పనికొస్తాయి. అరబ్బీ అనగానే ఏదో కొండ అనుకుంటాం గానీ, కొంత అరబ్బీ మన నోట్లో ముందునుంచే ఉంది. మన కుర్చీ వాళ్లకు కుర్సీ. సబ్బు సాబూన్. దుకాణం దుక్కాన్. మా అవ్వ బట్టలు దాచుకున్న సందుగ వాళ్ల సందూక్. జవాబు, ఖాళీ, తారీఖు కూడా అక్కడివే. టీ అక్కడా చాయే. ఇంటి యజమానురాలిని 'మామా' అంటారు, అదొక్కటి మాత్రం మన కోడళ్లకు నవ్వు తెప్పిస్తుంది.

ఇంకొక మాట. శుద్ధంగా నేర్చుకొని పోదామని పుస్తకం కొంటే, ఆ పుస్తకంలోది ఆ ఇంట్లో వినపడదు. 'ఏమిటి' అనడానికి పుస్తకంలో 'మాజా', కువైట్ ఇంట్లో 'షినో'. కోడి పుస్తకంలో 'దజాజ్', వంటింట్లో 'దియాయ్'. 'ఐష్' అంటే కువైట్‌లో అన్నం, ఈజిప్టులో రొట్టె! అరబ్బులకే ఇన్ని తేడాలుంటే మన ఉచ్చారణ కొంచెం అటూ ఇటూ అయితే మునిగేదేముంది? మగవాణ్ని పిలిస్తే 'తఆల్', ఆడమనిషిని పిలిస్తే 'తఆలీ' అనాలి. ఇద్దరినీ 'తఆల్' అన్నా వచ్చేవాళ్లు వస్తారు.

అయితే ఎట్లా మాట్లాడినా ఫరవాలేదని నేననడంలేదు. కొన్ని తప్పులు నవ్వుతో పోతాయి, కొన్ని పోవు. ఖమ్సా అంటే అయిదు, ఖమ్సీన్ అంటే యాభై. ఈ రెండూ తారుమారైతే జీతంలోనో బజారు లెక్కలోనో నష్టం మనకే. పసిబిడ్డకు మందు అన్నానికి ముందా తర్వాతా అన్నది కూడా అంతే. 'గబల్' అంటే ముందు, 'బాద్' అంటే తర్వాత. అక్కడ అర్థంకాకపోయినా తలూపడమే అన్నిటికంటే పెద్ద తప్పు. చాలామంది తెలియదని చెప్పడం చిన్నతనమనుకొని తలూపేస్తారు. 'మా ఫహమ్త్' అంటే అర్థంకాలేదు. 'శ్వయ్ శ్వయ్' అంటే మెల్లగా. 'మర్రా సానియా' అంటే ఇంకొకసారి. ఈ మూడూ నోటికొస్తే తక్కినవి అక్కడే వస్తాయి.

మాట రాకపోతే పోయేది పరువు కాదు, హక్కు. ఇంటిపనివాళ్లకోసం కువైట్ 2015లో చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు. వారానికొక రోజు సెలవు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. 2016లో నెలకు తక్కువలో తక్కువ 60 దీనార్లు అని కూడా పెట్టారు. సెలవు ఎప్పుడని అడగాలంటే ముందు నోరు తెరవాలి గదా. పదో తరగతి పాసుకాని ఆడవాళ్లకు మన ప్రభుత్వం ముప్పై ఏళ్లు నిండందే ఇంటిపనికి అక్కడికి పోవడానికి అనుమతి ఇవ్వదు. అంటే పోయేది ఇంట్లో బిడ్డలను పెంచినవాళ్లే. బిడ్డ ముద్దుమాటలకు ఏ తల్లీ ఎర్రసిరా పట్టుకోలేదు.

ఇంట్లోవాళ్లతో ఒక మనవి. అమ్మో, వదినో కొత్తభాష పలుకుతుంటే ఎగతాళి చేయకండి. తప్పు దిద్దాలనుకుంటే ఆమె చెప్పడం పూర్తయ్యాక దిద్దండి, మధ్యలో ఆపితే మళ్లీ నోరు తెరవదు. మా వీధిలో ఒకామె అక్క కువైట్ నుంచి ఫోను చేసినప్పుడల్లా పది నిముషాలు ఆ భాషలోనే మాట్లాడుకుంటారు. సగం తెలుగే ఉంటుంది. బియ్యం ఏరుతూ ఒకటి నుంచి వందదాకా లెక్కపెడుతుంది. పదకొండు నుంచి ఇరవైదాకా ఇంకా తడబడుతుంది. వచ్చే నెలలో ప్రయాణమట.